తన్నే తుపాకీయే తుపాకీయా?

అమెరికాలో జింకల వేట మొదలయ్యే ముందు వారాల్లో తుపాకుల దుకాణాలు కిటకిటలాడతాయి. భుజానికి ఆపరేషన్ అయిన మనిషొకడు కౌంటర్ దగ్గరికి వచ్చి, తన్ను తక్కువగా ఉండే రైఫిల్ చూపించమన్నాడనుకోండి. అతనికి ఏ సలహా దొరుకుతుందో ముందే చెప్పేయవచ్చు. చిన్న తూటాల రైఫిళ్ళు పిల్లలకూ ఆడవాళ్ళకూ కొనిచ్చేవట. వాటితో కొడితే జింక గాయపడి ఏ పొదల్లోకో పోయి నలిగి నలిగి చస్తుందట. మగవాడన్నాక .300 మాగ్నమ్, కాకపోతే కనీసం .30-06 పట్టాలట. తన్ను సంగతంటారా, నాలుగు రోజుల్లో అదే అలవాటవుతుంది, మరీ భయమైతే గొట్టం మూతికి బ్రేక్ బిగించుకోవచ్చు. ఇంత విన్నాక కూడా కొనడానికి సందేహిస్తే, ఇక వేట మానేయడమే మంచిదన్న ఉచిత సలహా ఒకటి.

ఇలా చెప్పేవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి అడవుల్లో తిరిగినవాళ్ళే. వాళ్ళ అనుభవాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. కానీ ఆ అనుభవం నుంచి వాళ్ళు తీసిన తీర్మానాల్లో ఒక్కటీ లెక్కకు నిలవదు. దెబ్బతిన్న భుజానికి తక్కువ తన్నే రైఫిల్ కొనడం గత్యంతరం లేక పడే రాజీ అని వాళ్ళ నమ్మకం. జింకల వేట వరకు మాట్లాడుకుంటే, నిక్షేపంలాంటి భుజం ఉన్నవాడు కూడా కొనవలసింది అదే.

ఈ చర్చ తెలుగువాళ్ళకెందుకని అడగవచ్చు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముచ్చట ముగిసింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళకు మాత్రం పక్కింటివాళ్ళతో, ఆఫీసు మిత్రులతో కలిసి నవంబరులో జింకల వేటకు వెళ్ళే అవకాశం ఉంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతున్నా, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. ఇక భుజం నొప్పి మనవాళ్ళకు కొత్త కాదు. శనాదివారాల్లో క్రికెట్ బంతి విసిరి విసిరి భుజం పాడుచేసుకున్నవాళ్ళు కొందరైతే, చక్కెర జబ్బుతో పాటు ఫ్రోజెన్ షోల్డర్ తెచ్చుకున్నవాళ్ళు మరికొందరు. మధుమేహం ఉన్నవాళ్ళలో భుజం బిగుసుకుపోవడం మిగతావారిలో కన్నా ఎక్కువని వైద్యులకు తెలిసిందే.

అసలు తన్ను ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. తూటా పేలగానే గుండు, దాన్ని తోసిన మందు వాయువులు ముందుకు దూసుకుపోతాయి. వాటి ద్రవ్యవేగానికి సరిసమానంగా రైఫిల్ వెనక్కి వస్తుంది. హైస్కూల్లో చదువుకున్న న్యూటన్ మూడో సూత్రమే ఇది. లెక్కలోకి వచ్చేవి గుండు బరువు, దాని వేగం, మందు బరువు, రైఫిల్ బరువు, అంతే. అమెరికావాళ్ళు ఈ తన్నును అడుగు-పౌండ్లలో కొలుస్తారు. 8.5 పౌండ్ల .300 వించెస్టర్ మాగ్నమ్‌లో 180 గ్రెయిన్ల గుండు కాలిస్తే తన్ను సుమారు 26 అడుగు-పౌండ్లు. 8 పౌండ్ల .30-06లో అదే బరువు గుండుకు సుమారు 20. 7.5 పౌండ్ల .308లో 150 గ్రెయిన్ల గుండుకు 16 దాకా వస్తుంది. 8 పౌండ్ల 7ఎంఎం-08 రెమింగ్టన్‌లోనో, 6.5 క్రీడ్‌మూర్‌లోనో 140 గ్రెయిన్ల గుండు పెడితే 12 చుట్టుపక్కల ఉంటుంది. 7.5 పౌండ్ల .243 వించెస్టర్‌లో 100 గ్రెయిన్ల గుండుకు 9 మాత్రమే. వేగం చూసినా అంతే తేడా. ఆ మాగ్నమ్ మడమ, అంటే భుజానికి ఆనే వెనక చివర, సెకనుకు దాదాపు 14 అడుగుల వేగంతో భుజం మీదికి వస్తే, క్రీడ్‌మూర్ మడమ 10 అడుగుల వేగంతో వస్తుంది.

ఈ అంకెలను ఎంతవరకు పట్టించుకోవాలన్నదానికి అమెరికా సైన్యమే ఒక కొలబద్ద ఇచ్చింది. భుజానికి ఆనించి కాల్చే ఆయుధాల పరీక్షలకు సైన్యం పెట్టుకున్న నిబంధనల ప్రకారం, తన్ను 15 అడుగు-పౌండ్ల లోపు ఉంటే ఎన్ని గుళ్ళయినా కాల్చవచ్చు. 15 నుంచి 30 మధ్య ఉంటే మనిషికి రోజుకు 200 గుళ్ళు, 30 నుంచి 45 మధ్య 100, 45 నుంచి 60 మధ్య 25. 60 దాటితే భుజానికి ఆనించి కాల్చనే కూడదు. పెద్ద తుపాకీ వాదులు ఇక్కడే ఎగిరి గంతేస్తారు. రోజుకు 200 చాలవా, వేటకు కావలసింది ఒక్క గుండే కదా అంటారు. ఆ 200 నిర్ణయించింది తర్ఫీదు పొందిన, ఆరోగ్యవంతులైన సైనికుల భుజాలకు. స్నాయువు తెగి ఎముకకు కుట్టించుకున్నవాడికి, కాలర్ ఎముకకు స్టీలు ప్లేటు వేయించుకున్నవాడికి కాదు. సైన్యం కూడా ఎలాంటి పరిమితీ లేకుండా వదిలేసిన 15 అడుగు-పౌండ్ల లోపే అతని చోటు.

తన్ను అలవాటవుతుందన్న మాట వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనది. అది ఎంత అబద్ధమో అయిదు నిమిషాల్లో తేల్చే పరీక్ష ఒకటుంది. ఫైరింగ్ రేంజ్‌లో కాల్చేవాడు బెంచీ దగ్గర కూర్చుంటాడు. పక్కనున్న స్నేహితుడు ప్రతిసారీ రైఫిల్ తీసుకుని, అతనికి కనబడకుండా ఒకసారి అసలు తూటా, ఒకసారి మందు లేని డమ్మీ తూటా పెట్టి అందిస్తాడు. ఏది లోపలుందో కాల్చేవాడికి తెలియదు. మాగ్నమ్‌తో పది గుళ్ళు కాల్చినవాడి చేతికి డమ్మీ వచ్చినప్పుడు చూడాలి. ట్రిగ్గర్ నొక్కుతాడు, టక్‌మని చప్పుడవుతుంది. పేలుడు లేదు, తన్ను లేదు. అయినా గొట్టం మూతి గభాలున కిందికి వంగుతుంది, కళ్ళు మూసుకుపోతాయి, భుజం ముందుకు పొడుచుకువస్తుంది. తనకు బెదురు లేదని అప్పటిదాకా ప్రమాణం చేసినవాడు ఆ తర్వాత నోరెత్తడు.

తన్ను వచ్చేసరికి గుండు గొట్టం దాటిపోతుంది గనక గురి చెడదు అన్న వాదన ఈ పరీక్షతోనే కొట్టుకుపోతుంది. బెదురు పుట్టేది తన్ను తగిలాక కాదు, తగలబోతోందని ఒళ్ళు ఎదురుచూసే క్షణంలో. ధైర్యానికీ దానికీ సంబంధం లేదు. ఒళ్ళు తనను తాను కాపాడుకునే పని అది. ఒకసారి గాయపడిన భుజానికి ఆ ఎదురుచూపు రెట్టింపు ఉంటుంది. పైగా బెంచీ దగ్గర కూర్చుని ముందుకు వాలినవాడి ఒంటికి వెనక్కి ఊగే వీలుండదు కాబట్టి, నిలబడి కాల్చినప్పటి కన్నా అక్కడ తన్ను గట్టిగా తెలుస్తుంది. ఫలితం ఏమిటంటే, మాగ్నమ్ కొన్నవాడు సీజన్ ముందు నాలుగు గుళ్ళు కాల్చి, భుజం పట్టుకుని ఇంటికి పోతాడు. సాధన లేని చేత్తో, బెదిరిన కంటితో ప్రాణి మీద గురిపెడతాడు. జింక గాయపడి తప్పించుకోవడానికి అసలు కారణం అక్కడుంది.

ఇప్పుడు శక్తి సంగతి. పెద్ద తూటా మరింత గట్టిగా చంపుతుందన్న నమ్మకానికి శరీర నిర్మాణంలో ఆధారం లేదు. గుండెనో ఊపిరితిత్తులనో గుండు చీల్చుకుంటూ పోతే రక్తపోటు పడిపోయి జంతువు కూలుతుంది. ఆ గుండు లోపలిదాకా వెళ్ళాలి, వెళ్తూ తగినంత విచ్చుకోవాలి. ఈ రెండూ జరిగాక మిగిలిన శక్తి అవతలి పక్క నుంచి బయటికి పోయి మట్టిలో దిగబడుతుంది. దక్షిణ కరోలినాలో ఒక వేట క్లబ్బులో కొట్టిన 500కు కాస్త తక్కువ తెల్లతోక జింకల వివరాలను ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ జీవశాస్త్రజ్ఞులు పరిశీలించారు. .243 నుంచి .30 దాకా తూటాలను గుంపులుగా విడదీసి, దెబ్బ తగిలాక జింక ఎంత దూరం పరుగెత్తిందో పోల్చి చూశారు. గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గుండు ఎక్కడ తగిలిందన్నది మాత్రం తేడా చూపించింది. భుజం ఎముకకు తగిలిన జింకలు అడుగు తీసి అడుగు వేయలేక దగ్గర్లోనే పడిపోయాయి. జింక భుజం మీద పడవలసిన దెబ్బ మాగ్నమ్ వాడి భుజం మీద పడుతున్నదన్నమాట.

చట్టాలు రాసినవాళ్ళు కూడా ఈ విషయం గ్రహించారు. గుర్రమంత ఉండే ఎల్క్‌ను వేటాడడానికి కొలరాడో రాష్ట్రం పెట్టిన కనీస అర్హత .24 కాలిబర్, 85 గ్రెయిన్ల విచ్చుకునే గుండు, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి. అంటే కౌంటర్ దగ్గర పిల్లల తుపాకీ అని ఎద్దేవా చేసిన .243 ఆ రాష్ట్రంలో ఎల్క్‌కే చెల్లుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో జింకల వేటకు .240 కాలిబర్, మూతి దగ్గర 1700 అడుగు-పౌండ్లు ఉంటే చట్టం తృప్తి పడుతుంది. 400 కిలోలు దాటే మూస్‌ను స్వీడన్ వేటగాళ్ళు నూరేళ్ళకు పైగా 6.5×55తో కొడుతున్నారు. 1894లో సైన్యం కోసం పుట్టిన ఈ తూటా తన్ను ఇప్పటి క్రీడ్‌మూర్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గుండు 10 గ్రాములకు తగ్గకుండా ఉంటే 100 మీటర్ల దగ్గర 2000 జూళ్ళు చాలని అక్కడి నిబంధన. మూస్ ముందు టెక్సాస్ జింక ఏపాటిది?

భారతదేశపు అడవుల్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1907లో చంపావత్ నరభక్షక ఆడపులిని మట్టుపెట్టినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఒక .275 రిగ్బీ రైఫిల్ దక్కింది. ఆ .275 అంటే జర్మనీలో 1892లో పుట్టిన 7×57 మౌజరే. తన్నులో ఇప్పటి 7ఎంఎం-08కు తోబుట్టువు. కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఆ తర్వాత కార్బెట్ భుజాన ఎక్కువగా వేలాడిన రైఫిళ్ళలో అదొకటి. ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, వాటిలో ఎక్కువ భాగం ఈ 7 మిల్లీమీటర్ల తూటాతోనే. చచ్చిన ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడుందో, ఏ కోణంలో గుండు దాన్ని చేరుతుందో చదువుకున్న మనిషి అతను. దంతాల కోసం జరిగిన ఆ ఊచకోతను ఈ రోజు ఎవరూ మెచ్చుకోరు. ఆఫ్రికాలో చాలా దేశాలు ఇప్పుడు ఏనుగుకు .375కు తక్కువ తుపాకీని ఒప్పుకోవు కూడా. కార్బెట్ దగ్గరా .450/400 డబుల్ రైఫిల్ ఉండేది. ఎదురు తిరిగి మీదపడే జంతువు దగ్గర చిన్న తూటాతో సాహసం చేయమని ఎవరూ అనడం లేదు. ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసింది ఒక్క సంగతే. ఏనుగుకు సరిపోయిన చొచ్చుకుపోయే గుణం, సరైన గుండు ఉంటే, 70 కిలోల జింకకు చాలకపోవడమేమిటి?

పెద్ద తుపాకీ వాదులే కాదు, దయతలిచి మరోరకం తప్పు సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. భుజం బాగాలేదు గనక బరువు మోయలేరు, తేలికపాటి మౌంటెన్ రైఫిల్ తీసుకోండి అంటారు. తూటా మారకుండా రైఫిల్ బరువు 9 పౌండ్ల నుంచి 6 పౌండ్లకు తగ్గితే తన్ను శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. 12 ఉన్నది 18 అవుతుందన్నమాట. పొద్దంతా మోసిన బరువు భుజానికి అలసట మాత్రమే, ఒక్క గుండు తన్ను భుజానికి దెబ్బ. పైగా టెక్సాస్‌లో జింకల వేట ఎక్కువగా మంచె మీదో, చిన్న గదిలాంటి బ్లైండ్‌లోనో కూర్చుని చేసేది. బరువు మోసుకుంటూ కొండలెక్కే అవసరం అక్కడ లేదు. టెలిస్కోప్‌తో కలిపి 8 నుంచి 9 పౌండ్ల రైఫిల్, సరిగ్గా బిగిసే పట్టీ, మడమకు మెత్తటి రబ్బరు ప్యాడ్ ఉంటే చాలు. స్టాకు పొడవు మనిషికి సరిపోవాలి. చలికోటు తొడుక్కుని కాల్చేవాడు కోటుతోనే దుకాణంలో పట్టి చూసుకోవాలి. కోటు మందం వల్ల మడమ భుజం గుంట దాటి చేతి మీదికి జరిగితే, ఎంత చిన్న తూటా అయినా తన్నినట్టే ఉంటుంది.

ఇక మూతి బ్రేక్. తన్నును అది నిజంగానే తగ్గిస్తుంది, మంచి బ్రేక్ అయితే దాదాపు సగం దాకా. వాయువులను పక్కలకు మళ్ళించి ఆ పని చేస్తుంది కాబట్టి, పేలుడు శబ్దాన్నీ పక్కనున్నవాళ్ళ చెవుల్లోకీ, కాల్చేవాడి చెవుల్లోకీ మళ్ళిస్తుంది. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు శబ్దం ఒక్కటి చాలు వినికిడికి హాని చేయడానికి. వేట రైఫిల్ బ్రేక్ లేకుండానే ఆ గీత దాటేస్తుంది. ఆకు కదిలినా వినాలనుకునే వేటగాడు అడవిలో చెవులు మూసుకోవడానికి ఇష్టపడడు. భుజాన్ని కాపాడుకోబోయి చెవులు పోగొట్టుకోవడం ఏం తెలివి? గొట్టం మూతికే బిగించే సప్రెసర్ ఈ చిక్కు విప్పుతుంది. తన్నునూ, శబ్దాన్నీ రెంటినీ తగ్గిస్తుంది. 1934 నాటి ఫెడరల్ చట్టం దాని మీద పెట్టిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది, రిజిస్ట్రేషన్ తంతు మాత్రం మిగిలే ఉంది. టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినాల్లో ఉన్న తెలుగువాళ్ళకు అది అందుబాటులో ఉంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్‌లలో సామాన్యులకు నిషేధం.

ఎడమ భుజానికి మారమనే సలహా కూడా వినిపిస్తుంది. చెప్పినంత సులువు కాదది. కుడికన్ను ప్రధానమైనవాడు ఎడమ భుజాన రైఫిల్ పెడితే టెలిస్కోప్ వెనక కన్ను తడబడుతుంది. బోల్టు అవతలి పక్కన ఉంటుంది, దాన్ని లాగాలంటే మళ్ళీ ఆ దెబ్బతిన్న చెయ్యే పైకి లేవాలి. ఎడమచేతి బోల్టు రైఫిల్ కొని, వేసవంతా సాధన చేయగలిగినవాడికి అది మంచి దారే. సీజన్‌కు రెండు వారాల ముందు భుజం మార్చినవాడు మాత్రం ప్రాణిని గాయపరిచి వదిలేస్తాడు.

అసలు ఎప్పుడు కాల్చవచ్చో తేల్చేది దుకాణదారు కాదు, సర్జన్. రొటేటర్ కఫ్‌లో తెగిన స్నాయువును ఎముకకు కుట్టాక అది అతుక్కోవడానికే మూడు నెలల దాకా పడుతుంది, బలం రావడానికి అంతకు మించి. నొప్పి పోయింది కదా అని ముందే మడమ ఆనిస్తే కుట్టు తెగే ప్రమాదముంది. మడమ కూర్చునే గుంటకు ఒక అంచున కాలర్ ఎముక, మరో అంచున భుజం బంతి, లోపల కొరకాయిడ్ అనే చిన్న ఎముక ఉంటాయి. వేలకొద్దీ గుళ్ళు కాల్చే ట్రాప్ షూటర్లలో ఆ కొరకాయిడ్‌కు పగుళ్ళు రావడం వైద్య గ్రంథాలకెక్కిన విషయమే. డాక్టరు సరేనన్నాక మొదట తన్ను లేనట్టే ఉండే .22 రిమ్‌ఫైర్‌తో పట్టు, శ్వాస, ట్రిగ్గర్ మళ్ళీ నేర్చుకోవాలి. పెద్ద రైఫిల్‌కు రోజుకు పది గుళ్ళు మించకూడదు, బెంచీ మీద కాకుండా కర్రల ఊతతో నిలబడి కాల్చాలి. కొట్టిన జింకను ఈడ్చుకు రావడం కూడా భుజం పనే. దానికి తోడు ఎవరినైనా తీసుకువెళ్ళాలి.

చిన్న తూటాకు హద్దులు లేవని అంటే అదీ అబద్ధమే. .243తో ఎల్క్‌ను కొట్టవచ్చని చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది కొత్తవాడి పని కాదు. కోణం బాగా లేకపోతే ట్రిగ్గర్ నొక్కకుండా దించేసే నిగ్రహం కావాలి. దూరం పెరిగే కొద్దీ గాలి తేలిక గుండును పక్కకు నెడుతుంది. నక్కలను, చిన్న జంతువులను కొట్టేందుకు చేసిన పలచని గుళ్ళు జింక భుజం మీద పైపైనే పగిలిపోతాయి, కాబట్టి పూర్తిగా రాగితో చేసినవో, జింకల కోసమే గట్టిగా చేసినవో కొనాలి. అలాస్కా గోధుమరంగు ఎలుగుబంటి దగ్గరికి ఎవరూ క్రీడ్‌మూర్ పట్టుకుని వెళ్ళనక్కర్లేదు. అమెరికాలో ఏటా వేటాడే పెద్ద జంతువుల్లో అత్యధికం తెల్లతోక జింకలే, అవి కూడా ఎక్కువగా 200 గజాల లోపే పడతాయి. కౌంటర్ దగ్గరి సలహా ఎలుగుబంటిని దృష్టిలో పెట్టుకుని జింక వేటగాడికి తుపాకీ అంటగడుతోంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

కొత్తగా కొనేవారు 8 పౌండ్లకు తగ్గని రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మూర్ గానీ 7ఎంఎం-08 గానీ తీసుకోవాలి. ఆపరేషన్ అయిన భుజమైతే .243 తీసుకోవాలి. ఒహాయో, ఐయోవాల్లా మెడ దగ్గర సన్నబడని నిటారు గోడల తూటాలనే అనుమతించే చోట 2019లో వచ్చిన .350 లెజెండ్ ఉంది, తన్ను దాదాపు .243 అంతే. ఇంట్లో ఇప్పటికే .308 ఉన్నవాళ్ళు మరో రైఫిల్ కొనక్కర్లేదు, తన్ను తగ్గించి తయారుచేసిన తూటాలు అదే గొట్టంలో పడతాయి. న్యూజెర్సీ వాళ్ళకు జింకల మీద ఇలాంటి రైఫిలే చెల్లదు కాబట్టి ఈ తగాదా లేదు. డబ్బు చెల్లించే ముందు దుకాణదారును అడగవలసింది ఒక్కటే. ఈ రైఫిల్‌లో, ఈ తూటాతో తన్ను ఎన్ని అడుగు-పౌండ్లు? అంకె 15 దాటితే, ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా, దాన్ని అక్కడే పెట్టి రావాలి.